పళ్లాలు కడిగే నల్లా దగ్గర చూడండి

జూన్‌లో బడులు తెరిచిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల తిండి గురించే. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలు పక్కన పెట్టాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను డాక్టరును కాను. 1994 నుంచి 2023 దాకా హైదరాబాద్ సర్కారు బడుల్లో టీచరుగా పనిచేశాను. 2003లో బడిలో అన్నం వండి పెట్టడం మొదలైనప్పటి నుంచి రిటైరయ్యే దాకా ఆ రిజిస్టరు నా చేతిలోనే ఉండేది. ఆ ఇరవై ఏళ్లలో నేను నేర్చుకున్నదంతా పిల్లలు పళ్లాలు కడుక్కునే నల్లా దగ్గర నిలబడి నేర్చుకున్నదే. ఎంత వండామో రిజిస్టరులో ఉంటుంది. పిల్లల కడుపులోకి ఎంత పోయిందో ఆ నల్లా కింద కనిపిస్తుంది.

ప్రశ్న: మేడమ్, మా బాబుకు తొమ్మిదేళ్లు. సర్కారు బడిలో నాలుగో తరగతి. రోజూ బడిలోనే తింటాడు. గుడ్డు పెట్టిన రోజు గుడ్డు కూడా తింటాడు. అయినా 21 కిలోలే ఉన్నాడు. నేను అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్లకు పనికి పోతాను, పొద్దున ఆరుకే ఇల్లు వదిలిపెడతాను. వాడు చాయ్‌లో బిస్కెట్లు ముంచుకుని తిని బడికి పోతాడు. బడిలో సరిగ్గా పెడుతున్నారో లేదోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, బోరబండ

జవాబు: అమ్మా, బడి సంగతి తర్వాత చూద్దాం, ముందు లెక్క చూద్దాం. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు మధ్యాహ్న భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలని నిబంధన. అందుకోసం ఒక్కో పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్కగడతారు. మీ బాబు వయసు పిల్లలకు రోజు మొత్తం మీద దాదాపు 1,700 కేలరీలు కావాలి. బడిలో పెట్టింది మెతుకు వదలకుండా తిన్నా అది రోజు తిండిలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగతాదంతా ఇంట్లో పడాలి.

ఇప్పుడు వాడి రోజు చూడండి. రాత్రి ఎనిమిదింటికి తిని పడుకుంటాడనుకుందాం. మళ్లీ అన్నం కనిపించేది మర్నాడు పన్నెండున్నరకు. అంటే పదహారు గంటల పైన. మధ్యలో ఒక గ్లాసు చాయ్, నాలుగు బిస్కెట్లు.

నా క్లాసులో మూడో తరగతి పిల్లవాడు ఒకడు రోజూ పదకొండు గంటలకు బల్ల మీద తల పెట్టి పడుకునేవాడు. నిద్రపోతున్నావా అని చాలాసార్లు కసిరాను. ఒకరోజు పొద్దున ఏం తిన్నావని అడిగితే ‘చాయ్ తాగిన టీచర్’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. అదే పిల్లవాడు మధ్యాహ్నం పళ్లెం నిండా పెట్టించుకునేవాడు. గబగబా నాలుగు ముద్దలు మింగి, కడుపులో నొప్పని మిగతాది నల్లా దగ్గర పారేసేవాడు. అంతసేపు ఖాళీగా ఉన్న కడుపు ఒక్కసారిగా అంత అన్నం పట్టదు. చూసేవాళ్లకు మాత్రం వీడు బాగా పెట్టించుకుంటాడు, బాగా తింటాడు అనిపిస్తుంది. మీ బాబు కూడా పళ్లెంలో ఏమైనా వదిలేస్తున్నాడేమో ఒకసారి అడగండి. తిట్టకుండా అడగండి, నిజం చెబుతాడు.

మీరు ఆరింటికి వెళ్లిపోవాలి కాబట్టి పొద్దున్నే ఉప్మా చేయండి, దోసె పోయండి అని నేను చెప్పను. మన పాత సద్దన్నం ఉంది కదా. రాత్రి వండిన అన్నంలో రెండు గంటెలు పక్కకు తీసి, కాచి గోరువెచ్చగా చేసిన పాలు పోసి, చెంచా పెరుగుతో తోడుపెట్టి మూత వేయండి. పొద్దున బాబు కాస్త ఉప్పు కలుపుకుని ఉల్లిపాయతోనో మామిడికాయ తొక్కుతోనో తినేయగలడు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి అది కష్టం కాదు. ఒక డబ్బాలో వేయించిన పల్లీలు, పుట్నాలు, బెల్లం ముక్కలు పెట్టి ఉంచండి. గుప్పెడు పల్లీలంటే 30 గ్రాములు అనుకున్నా దాదాపు 170 కేలరీలు, ఏడెనిమిది గ్రాముల ప్రొటీన్. జేబులో వేసుకుని పోయి బడి గంటలోపు తినేస్తాడు. అటుకులు చవక. తైదల జావ రాత్రే కాచిపెట్టుకుని పొద్దున మజ్జిగ కలుపుకోవచ్చు.

చాయ్ మాన్పించండి. పాలు పోశాం కదా అనుకుంటాం గానీ తిండిలోని ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. పైగా ఆకలిని చంపుతుంది. తప్పదంటే సాయంత్రం ఇవ్వండి, అన్నానికి గంట ముందూ గంట తర్వాతా మాత్రం వద్దు.

ఒకటి మాత్రం ఆలస్యం చేయకండి. తొమ్మిదేళ్లకు 21 కిలోలు తక్కువే. దగ్గర్లోని బస్తీ దవాఖానాకు తీసుకుపోయి ఎత్తు, బరువు రెండూ చూపించండి. ఎత్తు చూడకుండా బరువు ఒక్కదాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేం. నులిపురుగుల గోలి, అంటే అల్బెండజోల్, ఫిబ్రవరిలోను ఆగస్టులోను బడిలో ఇస్తారు. వేసుకున్నాడా అడగండి. ఆ రోజు బడికి పోకపోతే తర్వాత ఇంకో రోజు కూడా పెడతారు. రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నా, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతున్నా, ఉన్న బరువు తగ్గుతున్నా ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: బడి బియ్యంలో, రేషన్ బియ్యంలో వేరే రకం గింజలు కనిపిస్తున్నాయి. మిగతా బియ్యంకన్నా తెల్లగా, మందంగా ఉన్నాయి, నీళ్లలో వేస్తే తేలుతున్నాయి. ప్లాస్టిక్ బియ్యమని ఫోన్లలో వీడియోలు వస్తున్నాయి. మా మనవరాలికి బడి అన్నం మాన్పించాం. మేం చేసింది మంచిదేనా? – ఒక పెద్దాయన, చాంద్రాయణగుట్ట

జవాబు: అయ్యా, దయచేసి రేపటి నుంచే మనవరాలిని మళ్లీ బడి పంక్తిలో కూర్చోనివ్వండి. అది ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మిషన్‌లో మళ్లీ గింజ ఆకారంలో వత్తుతారు. మామూలు బియ్యం వంద కిలోలకు ఆ గింజలు ఒక కిలో కలుపుతారు. బడి భోజనానికి, రేషన్‌కు ఇలాంటి బియ్యం ఇస్తామని ప్రధానమంత్రి 2021 ఆగస్టు 15న ప్రకటించారు. ఆ తర్వాత విడతలవారీగా వచ్చింది. పిండితో చేసిన గింజ కాబట్టి రంగు కాస్త తేడాగా ఉంటుంది, తేలిక కాబట్టి నీళ్లలో తేలుతుంది.

మీ భయం నాకు కొత్త కాదు. మా బడికి కూడా ఒక పొద్దున ఏడెనిమిది మంది తల్లులు కొంగుల్లో ఆ గింజలు మూటకట్టుకుని వచ్చారు. ‘మా పిల్లలకు ఏం పెట్టి చంపుదామనుకుంటున్నారు’ అని ఒకామె ఏడ్చేసింది. వాళ్లతో వాదనకు దిగలేదు. గింజలన్నీ ఒక గిన్నెలోకి తీసుకుని, వాళ్ల ముందే పొయ్యి మీద పెట్టి ఉడికించాం. పావుగంటకు మెత్తబడ్డాయి. ఒక్కో తల్లి చేతిలో రెండు మెతుకులు పెట్టి నలపమన్నాం. పిండై పోయాయి. ప్లాస్టిక్ అయితే అలా నలగదు. మీరు కూడా ఇంట్లో చేసి చూడండి, పక్కింటివాళ్లను కూడా పిలవండి.

అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో చెబుతాను. ఆ గింజలు పురుగు పట్టినవేమో అనుకుని మా వంటవాళ్లు మొదట్లో చేటలో చెరిగి, ఏరి పారేసేవాళ్లు. ఉన్న ఇనుమంతా చెత్తబుట్టలోకి పోయింది. బియ్యం నాలుగైదుసార్లు పిసికి కడగడం, గంజి వంపేయడం కూడా మంచిది కాదు. ఒకటి రెండుసార్లు పైపైన కడిగి, సరిపడా నీళ్లు పోసి, అత్తెసరు పెట్టుకోండి. గంజి వంపక తప్పకపోతే దాన్ని చారులో కలపండి.

ఇంట్లో ఎవరికైనా తలసేమియా గానీ సికిల్‌సెల్ జబ్బు గానీ ఉంటే మాత్రం ఇనుము కలిపిన ఏ తిండి గురించైనా వాళ్లను చూసే డాక్టరును అడిగే వాడండి. ఇంకో మాట, ఈ గింజల వల్లనే పిల్లల రక్తహీనత పోతుందని నేను అనుకోవడం లేదు. ఆకుకూర, పప్పు, గుడ్డు పళ్లెంలో లేకుండా వందలో ఒక్క గింజ ఎంతని మోస్తుంది?

ప్రశ్న: గుడ్డు వేడి చేస్తుందని మా అత్తగారు పిల్లలను బడిలో తినొద్దంటున్నారు. ఎండాకాలంలో మానేస్తే సరిపోదా? – ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: ఎండాకాలంలో కూడా తినొచ్చమ్మా. నీళ్లు బాగా తాగించండి, ఉడికించిన గుడ్డుతో ఏమీ కాదు. ఒక్క గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంటే బడి భోజనం మొత్తానికి పెట్టుకున్న 12 గ్రాముల్లో సగం. మీ అత్తగారికి ఎదురు చెప్పనక్కర్లేదు, వారానికి రెండు మూడు గుడ్లే కదా అని చెప్పి చూడండి. నా దిగులు వేరే. చాలామంది పిల్లలు తెల్లసొన తిని పచ్చసొన విసిరేస్తారు. గుడ్డు పెట్టిన రోజు మా నల్లా చుట్టూ నేలంతా పసుపుపచ్చగా ఉండేది. విటమిన్ ఏ, ఇనుము ఉండేది ఆ పచ్చసొనలోనే. గొంతుకు అడ్డుపడుతుందని పారేస్తారు. పప్పులో నలిపి కలిపి పెట్టడం మొదలుపెట్టాక తిన్నారు.

ప్రశ్న: టీచర్, నేను తొమ్మిదో తరగతి. బడిలో రక్తపరీక్ష చేస్తే నాకు 9.6 ఉందన్నారు. వారానికోసారి నీలం రంగు గోలి ఇస్తున్నారు. వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. మా క్లాసులో అమ్మాయిలం చాలామంది జేబులో పెట్టుకుని బయట పారేస్తున్నాం. మధ్యాహ్నం అన్నం సగమే తింటాను, నీళ్లు అసలు తాగను, ఎందుకంటే బాత్రూమ్‌కు పోవాలంటే భయం. మా అమ్మకు ఇవేవీ చెప్పలేదు. నా పేరు వేయకండి. – రామంతాపూర్

జవాబు: బంగారు తల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు దాచుకోవలసిన తప్పేమీ ఇందులో లేదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మీ అమ్మకు కూడా ఉండి ఉండవచ్చు. ఈ రోజే ఆమెకు చెప్పు.

నీ వయసు అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 9.6 అంటే మధ్యస్థంగా ఉన్న రక్తహీనత. వారానికోసారి ఇచ్చే నీలం గోలి రక్తం తగ్గకుండా కాపాడటానికి. ఇప్పటికే తగ్గిన దాన్ని పెంచాలంటే అది చాలదు, డాక్టరు రాసిన మోతాదులో కొన్ని నెలలు వేసుకోవాలి. అమ్మను తీసుకుని బస్తీ దవాఖానాకు పో, 9.6 అని వచ్చిన కాగితం చూపించు. నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంటే సిగ్గుపడకుండా ఆ మాట కూడా చెప్పు.

గోలి ఖాళీ కడుపున వేసుకుంటే తప్పకుండా తిప్పుతుంది. కడుపు నిండా అన్నం తిన్నాక వేసుకో. పాలతో, చాయ్‌తో వద్దు. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఇంకా బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడకు. ఇంట్లో పాలకూర పప్పు, తోటకూర పప్పు చేసినప్పుడు నిమ్మకాయ పిండుకో. పుంటికూరకు ఎలాగూ పులుపు ఉంటుంది. జామకాయల కాలంలో రోజుకొకటి తిను, ఉప్పూ కారం అద్దుకున్నా పరవాలేదు. మాంసం తినే ఇల్లయితే అప్పుడప్పుడు కార్జం వండమని అమ్మను అడుగు.

ఇక బాత్రూమ్ సంగతి. దీని గురించి ఎవరూ రాయరు, నువ్వు రాశావు. మా బడిలో పెద్ద తరగతి ఆడపిల్లలు అన్నం సగం పారేస్తుంటే కూర బాగాలేదనే అనుకున్నాను. వంటవాళ్లను మందలించాను కూడా. తర్వాత ఒక అమ్మాయి నెమ్మదిగా చెప్పింది, ‘తింటే నీళ్లు తాగాలి టీచర్, తాగితే పోవాలి, తలుపుకు గడియ లేదు’ అని. ఆ సాయంత్రమే పక్క వీధిలోని హార్డ్‌వేర్ షాపులో గడియ కొని బిగించుకున్నాం. ఒక బకెట్, మగ్గు పెట్టి, శుభ్రం చేసే ఆమెకు మధ్యాహ్నం ముందే ఒకసారి రమ్మని చెప్పాం. వారం తిరగకుండా పారేసే అన్నం బకెట్ సగానికి తగ్గింది. నీకు నచ్చిన ఒక మేడమ్‌కు ఈ పేజీ చూపించు. నలుగురు అమ్మాయిలు కలిసి వెళ్లండి. ఒక్కరు అడిగితే సాకు చెబుతారు, నలుగురు అడిగితే గడియ వస్తుంది.

ప్రశ్న: నేను బడి కమిటీలో ఉన్నాను. పప్పు నీళ్లలా ఉంటోంది. అడిగితే వంటవాళ్లు బిల్లులు రావట్లేదంటారు. వంటగదిలోకి రావద్దని సార్లు అంటున్నారు. తల్లులకు చూసే హక్కు ఉందా? – జగద్గిరిగుట్ట

జవాబు: ఉందమ్మా. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చాక బడి భోజనం పిల్లల చట్టబద్ధమైన హక్కు. 2015లో దానికి నియమాలు కూడా వచ్చాయి. అన్నం పెట్టే ముందు కనీసం ఒక టీచరు రుచి చూడాలి. భోజనం ఎలా జరుగుతోందో బడి కమిటీ పర్యవేక్షించాలి. ఏదైనా కారణంతో భోజనం పెట్టలేకపోతే ఆ పిల్లలకు బియ్యం, డబ్బు రూపంలో భత్యం ఇవ్వాలి. రుచి చూసిన రిజిస్టరు చూపించమని అడగండి.

అయితే ఉడికిన పప్పు చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. గంజులో పప్పు పోసే వేళకు వెళ్లండి, పదింటికల్లా ఉండండి. ఆ రోజు 120 మంది ప్రైమరీ పిల్లలు వచ్చారనుకోండి. బియ్యం 12 కిలోలు, పప్పు 2 కిలోల 400 గ్రాములు, కూరగాయలు 6 కిలోలు, నూనె 600 గ్రాములు పడాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులైతే ఒక్కొక్కరికి బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు. ఒక కాటా, ఒక నోటు పుస్తకం చాలు. వారం రోజులు రాయండి. పెద్ద వంటశాల నుంచి వ్యాన్‌లో అన్నం వచ్చే బడి అయితే వ్యాన్ ఎన్నింటికి వచ్చిందో, మూత తీసినప్పుడు అన్నం వేడిగా ఉందో గట్టిపడిందో రాయండి. గట్టిపడిన అన్నాన్ని పిల్లలు మింగలేరు, మళ్లీ నల్లా దగ్గరికే పోతుంది.

వంటవాళ్లతో మాట్లాడే ముందు ఒక్క ప్రశ్న వేయండి: ‘అక్కా, నీకు చివరి బిల్లు ఎప్పుడు వచ్చింది?’ ఆ తర్వాతే పప్పు గురించి అడగండి.

మా బడిలో వండిన ముగ్గురిలో పెద్దామె ఒకసారి నాలుగు నెలల బిల్లు రాక కిరాణా దుకాణంలో ఉద్దెర పెరిగిపోయి, కాళ్ల కడియాలు కుదువపెట్టి పప్పు తెచ్చింది. నాకు ఆ సంగతి తెలిసింది చాలా రోజుల తర్వాత. అప్పటికి దుకాణాదారు ఇక ఇవ్వనన్నాడు, పప్పు పలచబడింది, నేను ఆమెను నిలబెట్టి అడిగాను. ఏమీ అనలేదు, ఖాళీగా ఉన్న తన కాళ్లు చూపించింది. పిల్లలు ఆకలితో ఉండకూడదని తన సొమ్ము తాకట్టు పెట్టిన మనిషిని నేను దొంగలా చూశాను. అప్పటి నుంచి ప్రతి నెలా బిల్లు ఏ తారీఖున పంపాం, ఏ తారీఖున డబ్బు పడింది అని రిజిస్టరు చివరి పేజీలో రాయడం మొదలుపెట్టాను.

మీరు కూడా అదే చేయండి. కమిటీ తీర్మానం రాసి, బకాయి ఎన్ని నెలలదో తారీఖులతో సహా పెట్టి, విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. వంటవాళ్ల మీద ఫిర్యాదు, వాళ్ల బకాయి అడిగే కాగితం రెండూ ఒకటి కాకూడదు. రెండో కాగితం ముందు వెళ్లాలి.

ప్రశ్న: మా పాప ప్రైవేటు స్కూల్లో యూకేజీ. లంచ్ బాక్స్ రోజూ నిండుగానే తిరిగొస్తోంది. ఇంట్లో అన్నీ తింటుంది. ప్రొటీన్ పౌడర్ ఏదైనా చెప్పండి. – మియాపూర్

జవాబు: పౌడర్ కంటే ముందు బాక్స్ మూత చూడండి. నిజంగానే చెబుతున్నాను. నాకు తెలిసిన ఒకింటి పాపకు కూడా ఇదే సమస్య. చూస్తే నాలుగు వైపులా క్లిప్పులున్న గట్టి డబ్బా, పిల్ల చేతికి రాదు. ఆయమ్మను అడగడానికి భయం. ఒక వైపు తెరుచుకునే స్టీలు డబ్బా మార్చారు, ఆ వారమే ఖాళీగా రావడం మొదలైంది. పాపను మీ ముందు కూర్చోబెట్టి, మీరు చేయి వేయకుండా డబ్బా తీసి తినమనండి, ఎంతసేపు పడుతుందో చూడండి. స్కూల్లో భోజనానికి ఎన్ని నిమిషాలు ఇస్తారో కనుక్కోండి. పదిహేను నిమిషాల్లో చేయి కడుక్కుని కూర్చుని తినాలంటే ఐదేళ్ల పిల్లకు సాంబారన్నం కంటే చిన్న చిన్న ఉండలుగా చుట్టిన పప్పన్నం నయం. చపాతీ ముక్కలు, ఉడికించిన గుడ్డు నాలుగు ముక్కలు, ఒక అరటిపండు కూడా పెట్టొచ్చు.

ఇంట్లో అన్నీ తినే పిల్లకు పౌడర్ అక్కర్లేదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై, 1950ల చివర్లో హైదరాబాద్‌కు వచ్చింది. దానికి డైరెక్టరుగా ఉన్న డాక్టర్ సి. గోపాలన్ ఒక ముఖ్యమైన విషయం గట్టిగా చెప్పారు. పేద దేశాల పిల్లల సమస్యంతా ప్రొటీన్ కొరతేనని ప్రపంచం అనుకుంటున్న రోజులవి. మన పిల్లలకు అసలు తిండే చాలడం లేదని, రోజూ ఇంట్లో తినే ఆ తిండే కడుపు నిండా దొరికితే ప్రొటీన్ లోటు కూడా చాలావరకు తీరుతుందని ఆయన చూపారు. పౌడర్ డబ్బా కొనే డబ్బుతో రైతుబజార్‌లో వారానికి సరిపడా కూరగాయలు, పండ్లు వస్తాయి.

ప్రశ్న: మా కూతురు పనికి పోతుంది, రెండేళ్ల మనవరాలిని నేనే చూసుకుంటాను. అంగన్‌వాడీలో బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. దాంతో లడ్డూలు చేసి ఇంట్లో పిల్లలందరికీ పెడుతున్నాను. ప్యాకెట్ పది రోజులకే అయిపోతోంది. మనవరాలి బరువు పెరగలేదని అంగన్‌వాడీ టీచర్ కోప్పడింది. – ఒక అమ్మమ్మ, బాలాపూర్

జవాబు: అమ్మా, ఇంట్లో నలుగురు పిల్లలుంటే ఒక్కదాని చేతిలోనే లడ్డూ ఎవరం పెట్టలేం. మీ మనసు నాకు అర్థమైంది.

నా ఉద్యోగం మొదట్లో బడిలో వంట లేదు. 1995 ఆగస్టు 15న కేంద్రం పథకం మొదలుపెట్టినప్పుడు 80 శాతం హాజరు ఉన్న పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం ఇంటికి ఇచ్చేవాళ్లం. ఆ రోజు తల్లులు సంచులతో వరుస కట్టేవాళ్లు. నా క్లాసులో ఒక పిల్ల బియ్యం మోసుకుపోయేది, మర్నాడు మళ్లీ ఖాళీ కడుపుతోనే వచ్చేది. ఆ మూడు కిలోలు ఆరుగురి కుండలో పడితే దాని పళ్లెంలోకి వచ్చేది ఎంత? 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు, బియ్యం ఇవ్వడం కాదు, వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. మన దగ్గర 2003 జనవరిలో వంట మొదలైంది. మొదటి రోజు ఆ పిల్ల చెల్లెలు రెండుసార్లు పెట్టించుకుని తిన్నది నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. ఆ అన్నం దాని ఒక్కదానిది, ఎవరితోనూ పంచుకోవలసిన పని లేదు.

బాలామృతం ప్యాకెట్ మళ్లీ ఆ పాత సంచిలాంటిదే. రెండున్నర కిలోలు. రోజుకు వంద గ్రాముల చొప్పున పాపకే పెడితే ఇరవై ఐదు రోజులు రావాలి. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపి వేయించి చేసిన పొడి అది, మూడేళ్ల లోపు పిల్లల కోసం. పెద్ద పిల్లలకు లడ్డూ చేయాలంటే పల్లీలు, నువ్వులు, బెల్లం దంచి చేయండి, అవి వాళ్లకు ఇంకా మంచివి. బాలామృతాన్ని మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసి పై అరలో పెట్టండి. కాచిన వేడి నీళ్లు పోసి, జారుగా కాకుండా చెంచాకు అంటుకునేంత చిక్కగా కలపండి. పొద్దున ఒకసారి, సాయంత్రం పెద్ద పిల్లలు బడి నుంచి రాకముందే ఒకసారి పెట్టండి. ఇది కాక మూడు పూటలా మెత్తని అన్నం, పప్పు, చెంచా నూనె గానీ నెయ్యి గానీ ఉండాలి.

వచ్చే నెల బరువు చూసే రోజు మీరే వెంట ఉండి, కార్డు మీద చుక్క ఎక్కడ పెట్టారో చూసి నాకు రాయండి. రెండు నెలలు వరుసగా గీత పైకి లేవకపోతే అంగన్‌వాడీ టీచర్‌తో చీటీ రాయించుకుని నీలోఫర్ ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పోయేటప్పుడు పాప కార్డు మర్చిపోకండి.